ఎడ్మంటన్ ఆయిలర్స్ నిజంగా అలసిపోయిందా? ప్లేఆఫ్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

2024లో ఒకసారి, 2025లో ఇంకోసారి కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రపు ఐస్ హాకీ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్, లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళింది. రెండుసార్లూ ఫ్లోరిడా పాంథర్స్ చేతిలోనే ఓడింది. అప్పటి నుంచి ఆయిలర్స్ అభిమానులు నలుగురు కలిస్తే ఒకటే వాదన: మనవాళ్ళు అలసిపోయి ఓడారా, ఎదుటి జట్టు మెరుగ్గా ఆడింది కాబట్టి ఓడారా? ఉద్యోగాలకనీ చదువులకనీ ఆల్బర్టా వచ్చి ఈ జట్టును సొంతం చేసుకున్న తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ ఇదే గొడవ. కొత్తగా చూస్తున్నవాళ్ళు అడిగేవి, పాత అభిమానులు ఒకరినొకరు నిలదీసుకునేవి ఇక్కడ ఒకచోట చేర్చి జవాబులు రాశాను. నేను ఆయిలర్స్ పక్షం. అయినా ఫ్లోరిడాకు దక్కాల్సిన మెప్పు ఎక్కడా తగ్గించలేదు.

హాకీ అంటే మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీయేనా?

కాదు, ఇది ఐస్ హాకీ. అమెరికా, కెనడాల్లో 32 జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ గురించే ఈ చర్చంతా. ఒక్కో వైపు ఐదుగురు ఆటగాళ్ళు, ఒక గోలీ (గోల్‌కీపర్). 20 నిమిషాల పీరియడ్లు మూడు. ఆట ఆపకుండానే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆటగాళ్ళను మార్చుకోవచ్చు. ఈ ఒక్క నియమం గుర్తుంచుకుంటే కింద రాసిందంతా సులువుగా అర్థమవుతుంది.

ప్లేఆఫ్స్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఉంటాయి?

అక్టోబర్ నుంచి ఏప్రిల్ మధ్య వరకు ప్రతి జట్టూ 82 మ్యాచ్‌లు ఆడుతుంది. అందులోంచి 16 జట్లు ప్లేఆఫ్స్‌కి వస్తాయి. నాలుగు రౌండ్లు, ప్రతి రౌండూ ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్ళు పైకి వెళ్తారు. అంటే కప్ కావాలంటే 16 గెలుపులు, ఎక్కువలో ఎక్కువ 28 మ్యాచ్‌లు. ఇదంతా దాదాపు రెండు నెలల్లో, చాలావరకు రోజు విడిచి రోజు. 2025 ఐపీఎల్ మొత్తానికి 74 మ్యాచ్‌లు, అదీ పది జట్లు పంచుకుని ఆడినవి. ఇక్కడ ఫైనల్‌కి వెళ్ళిన ఒక్క జట్టే ఏడాదిలో వందకు పైగా ఆడుతుంది.

2024లో ఆయిలర్స్ 25 ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఆడింది: లాస్ ఏంజెలిస్‌తో 5, వాంకూవర్‌తో 7, డాలస్‌తో 6, ఫ్లోరిడాతో 7. 2025లో 22.

ఒక్కో ఆటగాడు మంచు మీద ఉండేది 20 నిమిషాలే కదా, దానికే అంత అలసటా?

ఈ ప్రశ్న క్రికెట్, ఫుట్‌బాల్ చూసి వచ్చినవాళ్ళంతా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

ఆటగాడు మంచు మీదకు దిగి బెంచ్ మీదకు తిరిగి వచ్చేదాకా ఉండే సమయాన్ని షిఫ్ట్ అంటారు. అది ఇంచుమించు 45 సెకన్లు. ఆ 45 సెకన్లూ ఒంట్లో ఉన్నదంతా పెట్టేయాలి. కబడ్డీలో కూత పెట్టి అవతలి కోర్టులోకి వెళ్ళినవాడు ఎంత తెగించి ఆడతాడో, ప్రతి షిఫ్టూ అలా ఉంటుంది. తర్వాత ఒకటిన్నర, రెండు నిమిషాలు బెంచ్ మీద ఊపిరి తీసుకుని మళ్ళీ దిగాలి. ఒక మ్యాచ్‌లో ఇలా 20 నుంచి 30 సార్లు. గుండె వేగం దాదాపు గరిష్ఠానికి పోయి, పూర్తిగా దిగకముందే మళ్ళీ పైకి వెళ్తుంది. ఒంటి మీద ప్యాడ్లు, హెల్మెట్, చేతి తొడుగులు. చల్లటి రింకులో కూడా చెమట కారిపోయి ఒళ్ళు ఆరిపోతుంది.

దీనికి తోడు దెబ్బలు. రింకు చుట్టూ ఉండే గోడలకు, అంటే బోర్డులకు, వేసి గుద్దటం ఈ ఆటలో నియమానికి లోబడిందే. దాన్నే హిట్ అంటారు. గంటకు వంద మైళ్ళ దగ్గర వచ్చే పక్‌కు (ఈ ఆటలో బంతి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ళ) ఒళ్ళు అడ్డం పెట్టి ఆపటం కూడా డిఫెన్స్‌లో భాగం. రెగ్యులర్ సీజన్‌లో కాస్త చూసీచూడనట్టు వదిలేసే హిట్లను ప్లేఆఫ్స్‌లో ఎవరూ వదలరు.

ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది గమనించరు. రెండో పీరియడ్‌లో జట్లు వైపులు మారతాయి. అప్పుడు ప్రతి జట్టుకూ తన బెంచ్ తన గోలుకి దూరమవుతుంది. డిఫెన్స్‌లో ఇరుక్కుపోయిన ఐదుగురు మారదామన్నా బెంచ్ అందదు. 45 సెకన్ల షిఫ్ట్ నిమిషం దాటి, నిమిషంన్నర దాకా సాగుతుంది. కాళ్ళు మండుతుంటాయి. ఏదోలా పక్‌ను అవతలి చివరికి కొట్టేస్తే ఐసింగ్ అంటారు, ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్ళను మార్చకూడదు. అలసిపోయినవాళ్ళే మళ్ళీ తమ గోలు ముందు నిలబడాలి, అవతలి వైపు నుంచి కొత్తవాళ్ళు దిగుతారు. ప్లేఆఫ్స్‌లో చాలా గోల్స్ పుట్టేది సరిగ్గా ఇక్కడే.

మరి 2025 ఫైనల్ ఆయిలర్స్ అలసట వల్లే ఓడిందా?

నా జవాబు: అలసట ఉంది, కానీ అది మొదటి కారణం కాదు.

మ్యాచ్‌ల లెక్క చూడండి. మొదటి మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో 4-3తో ఆయిలర్స్ గెలిచింది. రెండోది రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 5-4తో ఫ్లోరిడాది. మూడోది 6-1, ఫ్లోరిడా. నాలుగోది మళ్ళీ ఓవర్‌టైమ్, 5-4, ఆయిలర్స్. ఐదోది 5-2, ఆరోది 5-1, రెండూ ఫ్లోరిడావే. జూన్ 17న కప్ ఫ్లోరిడా జట్టు సొంత ఊరు సన్‌రైజ్‌లోనే ఉండిపోయింది.

అలసిపోయిన జట్టు ఎక్కడ చేతులెత్తేయాలి? మూడో పీరియడ్ చివర్లో, ఓవర్‌టైమ్‌లో. కానీ ఆ ఫైనల్లో మూడు ఓవర్‌టైమ్ మ్యాచ్‌లు జరిగితే రెండు మనమే గెలిచాం. రెండూ మన ఫార్వర్డ్ లియోన్ డ్రైసైటిల్ గోల్స్‌తో. ఆ ప్లేఆఫ్స్‌లో అతను మొత్తం నాలుగు ఓవర్‌టైమ్ గోల్స్ కొట్టాడు, ఒకే ఏడాది అన్ని కొట్టినవాడు అంతకుముందు లేడు. నాలుగో మ్యాచ్‌లో 0-3 నుంచి లేచి గెలిచాం. కాళ్ళు పూర్తిగా అయిపోయిన జట్టుకు ఇది సాధ్యం కాదు.

ఇక మొదటి పీరియడ్లు చూడండి. మూడో మ్యాచ్‌లో మొదటి పీరియడ్ అయ్యేసరికి 0-2. నాలుగో మ్యాచ్‌లో 0-3. ఐదోదాంట్లో 0-2. ఆరోదాంట్లో 0-2. అందరూ తాజాగా దిగిన మొదటి 20 నిమిషాల్లోనే, వరుసగా నాలుగు మ్యాచ్‌లు వెనకబడ్డాం. దీన్ని ఒళ్ళు అలిసిందని సర్దిచెప్పటం కష్టం. ఫ్లోరిడా ఫోర్‌చెక్, అంటే మన చివరలోకే వచ్చి పక్ బయటికి రాకుండా అడ్డం పడటం, మనకు చివరిదాకా కొరకరాని కొయ్యగానే ఉండిపోయింది. ఆరో మ్యాచ్ అయ్యాక మన కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్ తనే ఒప్పుకున్నాడు, ఒకే పద్ధతిని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ గోడకు తల బాదుకున్నామని.

అందుకే నేననేది, వరస తిరగేసి చూడాలి. మొదట వెనకబడ్డాం, వెనకబడినందుకు మిగతా 40 నిమిషాలు పరిగెత్తాం, పరిగెత్తినందుకు అలిశాం. తర్వాతి మ్యాచ్‌కి ఆ అలసటతో దిగాం. ఇలా మ్యాచ్ మీద మ్యాచ్ పేరుకుంది.

ఫ్లోరిడా కూడా అన్ని మ్యాచ్‌లూ ఆడిందిగా? వాళ్ళకు అలసట లేదా?

ఈ వాదన ఎత్తినవాళ్ళు సరైన చోటే పట్టుకున్నారు. ఫ్లోరిడా 2023, 2024, 2025 మూడేళ్ళూ ఫైనల్ ఆడింది. ఆ మూడు ప్లేఆఫ్స్‌లో 21, 24, 23, కలిపి 68 మ్యాచ్‌లు. ఆయిలర్స్ అదే మూడేళ్ళలో 12, 25, 22, కలిపి 59. అంటే మనకంటే తొమ్మిది ఎక్కువ ఆడి మరీ వాళ్ళు గెలిచారు. మ్యాచ్‌ల సంఖ్యే అలసటైతే ఓడాల్సింది వాళ్ళు.

తేడా బరువు పంచుకోవటంలో ఉంది. ఒక జట్టులో 12 మంది ఫార్వర్డ్‌లు ముగ్గురు ముగ్గురుగా నాలుగు లైన్లు. 2025లో ఫ్లోరిడా మొదటి మూడు లైన్లలో ఏది దిగినా ఎదుటివాళ్ళకు గోల్ భయం ఉండేది. అలెగ్జాండర్ బార్కోవ్ ఒక లైన్, సామ్ బెనెట్, మాథ్యూ కచక్ ఇంకో లైన్, బ్రాడ్ మార్షాండ్‌తో ఆంటన్ లుండెల్, ఈటు లూస్టారినెన్ మూడో లైన్. మార్షాండ్ వయసు అప్పటికి 37. 2025 మార్చిలో బాస్టన్ నుంచి వచ్చాడు. మూడో లైన్‌లో ఆడుతూ ఫైనల్లో ఆరు గోల్స్ కొట్టాడు! బెనెట్ ప్లేఆఫ్స్ మొత్తంలో 15 గోల్స్ కొట్టి, ప్లేఆఫ్స్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు. చివరి మ్యాచ్‌లో సామ్ రైన్‌హార్ట్ ఒక్కడే నాలుగు. ఇలా గెలిచిన ప్రతి రోజూ వేరే ఎవరో గెలిపిస్తుంటే ఏ ఒక్కరి కాళ్ళ మీదా మొత్తం భారం పడదు.

మెక్‌డేవిడ్‌ను కోచ్ ఎక్కువ ఆడించి అలిసిపోయేలా చేశాడా?

అభిమానుల్లో ఎక్కువ వేడి పుట్టించే ప్రశ్న ఇదే.

2024 సంగతి ముందు. ఆ ఏడాది మెక్‌డేవిడ్ 25 మ్యాచ్‌ల్లో 42 పాయింట్లు సాధించాడు (కొట్టిన గోల్‌కు ఒకటి, గోల్‌కు పాస్ ఇచ్చిన అసిస్టుకు ఒకటి). అందులో 34 అసిస్టులు, 1988లో వేన్ గ్రెట్జ్‌కీ పెట్టిన 31 రికార్డును దాటేశాడు. ఫైనల్లో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి 0-3తో వెనకబడ్డాక నాలుగో మ్యాచ్‌లో నాలుగు పాయింట్లు, ఐదో మ్యాచ్‌లో ఇంకో నాలుగు. 8-1, 5-3, 5-1తో మూడు మ్యాచ్‌లు గెలిచి సిరీస్‌ను ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చాం. కానీ ఆరు, ఏడు మ్యాచ్‌ల్లో అతనికి ఒక్క పాయింటూ రాలేదు. ఏడోది 2-1తో పోయింది. ఓడిన జట్టులో ఉండి కాన్ స్మైత్ గెలిచాడు. గోలీలను పక్కన పెడితే అలాంటిది అంతకుముందు 1976లో రెగ్గీ లీచ్‌కు మాత్రమే జరిగింది. ఆ రాత్రి ట్రోఫీ అందుకోవటానికి అతను మంచు మీదకు రాలేదు. ఆ బాధ ఏ అభిమానీ మర్చిపోలేడు.

ఆ రెండు సున్నాల్లో అలసట పాలు ఉందని నేను నమ్ముతాను. అంతకుముందు రెండు మ్యాచ్‌ల్లో అతను పెట్టిన శ్రమ మామూలుది కాదు.

ఇక 2025. మెక్‌డేవిడ్, డ్రైసైటిల్ ఇద్దరూ చెరో 33 పాయింట్లు. మెక్‌డేవిడ్ రాత్రికి సగటున 22 నిమిషాలకు పైనే ఆడాడు. ఫార్వర్డ్‌కు అది చాలా ఎక్కువ. జట్టు వెనకబడినప్పుడల్లా కోచ్ క్రిస్ నాబ్లాక్ ఇద్దరినీ ఒకే లైన్‌లో దించాడు. దాంతో ఆ ఒక్క లైన్ పదునెక్కుతుంది గానీ మిగతా మూడూ పల్చబడతాయి. ఎదుటి కోచ్ పాల్ మారిస్‌కు బార్కోవ్‌ను ఎవరి మీదకు పంపాలో వెతుక్కునే పని తప్పుతుంది. ఫైనల్ మొత్తంలో మెక్‌డేవిడ్ కొట్టింది ఒకే గోల్.

కోచ్‌ను పూర్తిగా తప్పుపట్టను. 0-2తో వెనకబడి ఉన్నప్పుడు ప్రపంచంలోనే మేటి ఆటగాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టమని ఏ అభిమాని అడుగుతాడు? కానీ ముందంజలో ఉన్న మ్యాచ్‌ల్లోనైనా అతని నిమిషాలు తగ్గించి ఉంటే బాగుండేది. మొదటి రౌండ్ నుంచే నాలుగో లైన్‌ను నమ్మి ఆడిస్తే జూన్‌కి ఆ లైన్‌కు కూడా ధైర్యం వస్తుంది.

గాయాల గురించి ఎందుకు ఎవరూ నిజం చెప్పరు?

ఎక్కడ దెబ్బో తెలిస్తే ఎదుటివాళ్ళు అక్కడే గుద్దుతారని. అందుకే ప్లేఆఫ్స్‌లో జట్లు "నడుము పైన గాయం", "నడుము కింద గాయం" అని రెండే మాటలు చెబుతాయి. సిరీస్ అయిపోయాక అసలు జాబితా బయటికి వస్తుంది.

ఆ జాబితాలు చదివితే గుండె తరుక్కుపోతుంది. 2023 ఫైనల్లో కచక్ విరిగిన రొమ్ము ఎముకతో ఒక మ్యాచ్ ఆడాడు. అదే జట్టులో ఆరన్ ఎక్‌బ్లాడ్ విరిగిన పాదంతో ఆడాడు. 2013 ఫైనల్లో బాస్టన్ ఆటగాడు పాట్రిస్ బెర్జెరాన్ విరిగిన పక్కటెముకతో, జారిన భుజంతో చివరి మ్యాచ్ ఆడి, ఊపిరితిత్తికి చిల్లు పడి ఆసుపత్రిలో చేరాడు. అదే ఏడాది అదే జట్టులో గ్రెగరీ క్యాంప్‌బెల్ కాలి ఎముక విరిగినా పెనాల్టీ కిల్ (పెనాల్టీ వల్ల ఒకరు తక్కువై ఆడే సమయం) పూర్తయ్యేదాకా మంచు వదిలి పోలేదు.

వీటిని వీరగాథల్లా చెప్పుకోవటం ఈ ఆటలో అలవాటు. నాకు అది మింగుడుపడదు. చిల్లుపడిన ఊపిరితిత్తితో ఆడనివ్వటం గొప్ప విషయం కాదు, ప్రమాదం. ఆటగాడు దిగుతానంటాడు, ఆపాల్సింది డాక్టర్లు.

2025లో మనకు తగిలిన పెద్ద దెబ్బ జాక్ హైమన్. డాలస్‌తో నాలుగో మ్యాచ్‌లో మణికట్టుకు గాయమై ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, ఫైనల్ మొత్తం లేడు. 2024 ప్లేఆఫ్స్‌లో 16 గోల్స్ కొట్టినవాడతను. 2025లో గాయపడేనాటికి ప్లేఆఫ్స్‌లో అందరికంటే ఎక్కువ హిట్లు వేసినవాడూ అతనే. మెక్‌డేవిడ్ కోసం మూలల్లోకి వెళ్ళి పక్ తెచ్చే పని హైమన్‌ది. అతను లేకపోతే ఆ పని కూడా మెక్‌డేవిడే చేసుకోవాలి. ఫైనల్లో అతను అలిసినట్టు కనిపించటానికి ఇదొక కారణం. దీని గురించి అభిమానులు మాట్లాడుకునేది చాలా తక్కువ.

ఓవర్‌టైమ్‌లు ఎంత పీలుస్తాయి?

రెగ్యులర్ సీజన్‌లో సమానమైతే ముగ్గురు ముగ్గురు ఐదు నిమిషాలు ఆడి, అప్పటికీ తేలకపోతే షూటౌట్. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ ఉండదు. గోల్ పడేదాకా 20 నిమిషాల పీరియడ్లు ఒకదాని తర్వాత ఒకటి. 1936లో డెట్రాయిట్, మాంట్రియల్ మరూన్స్ మధ్య మ్యాచ్ ఆరో ఓవర్‌టైమ్ దాకా పోయింది. 2020లో టాంపా బే, కొలంబస్ మ్యాచ్ ఐదో ఓవర్‌టైమ్‌లో ముగిసింది. అందులో కొలంబస్ గోలీ యూనస్ కోర్పిసాలో 85 షాట్లు ఆపాడు, ఆపి కూడా ఓడాడు.

2025 ఫైనల్ మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో మూడు ఓవర్‌టైమ్‌కు వెళ్ళాయి. అదనపు ఆట 19 నిమిషాల 29 సెకన్లు, 28 నిమిషాల 5 సెకన్లు, 11 నిమిషాల 18 సెకన్లు. కలిపితే 58 నిమిషాల 52 సెకన్లు, అంటే దాదాపు ఒక పూర్తి మ్యాచ్ ఎక్కువ. రెండు జట్లూ సమానంగానే ఆడాయి, నిజమే. కానీ మూడు లైన్లను తిప్పుతూ ఆడిన 59 నిమిషాలకీ, ఇద్దరి మీద ఆధారపడి ఆడిన 59 నిమిషాలకీ ఎంతో తేడా ఉంటుంది.

ఎడ్మంటన్ నుంచి ఫ్లోరిడా ప్రయాణమే చంపేసిందంటారు, నిజమేనా?

దూరం సుమారు 4,000 కిలోమీటర్లు, టైమ్ తేడా రెండు గంటలు. 2025లో జూన్ 12 రాత్రి సన్‌రైజ్‌లో ఓవర్‌టైమ్ ఆడి, 14న ఎడ్మంటన్‌లో ఐదో మ్యాచ్ ఆడారు. ఘోరమైన షెడ్యూలే. అయితే ఫ్లోరిడా కూడా అదే దూరం ఎగిరింది, ఎడ్మంటన్‌లో అడుగుపెట్టి 5-2తో గెలిచింది కూడా. ఆ ప్లేఆఫ్స్‌లో వాళ్ళు పరాయి గడ్డ మీద పది మ్యాచ్‌లు గెలిచారు. కాబట్టి ఫైనల్ మట్టుకు ప్రయాణాన్ని సాకుగా చెప్పలేం.

ఏడాది మొత్తం మీద చూస్తే మాత్రం పశ్చిమ కెనడా జట్లకు ఇది నిజమైన భారమే. తూర్పున న్యూయార్క్ చుట్టుపక్కల జట్లకు బస్సులో పోయేంత దగ్గర్లో మ్యాచ్‌లు ఉంటాయి. ఎడ్మంటన్‌కు కాల్గరీ తప్ప దగ్గర్లో మరో ఎన్‌హెచ్‌ఎల్ ఊరు లేదు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ విమానాల బడలిక ఒంట్లో చేరుతూనే ఉంటుంది.

సిరీస్ త్వరగా ముగించి విశ్రాంతి తీసుకుంటే మంచిదే కదా?

మంచిదే, ఒక హద్దు వరకు. 2019లో బాస్టన్ కరోలైనాను నాలుగు వరుస మ్యాచ్‌ల్లో ఓడించి పదకొండు రోజులు ఖాళీగా ఉంది. ఫైనల్లో సెయింట్ లూయిస్ చేతిలో ఏడు మ్యాచ్‌ల్లో ఓడింది. 2023లో ఫ్లోరిడా కూడా కరోలైనాను అలాగే ఊడ్చేసి పది రోజులు ఆగింది, వేగస్ చేతిలో ఐదు మ్యాచ్‌ల్లోనే ఓడింది. అంతకుముందు అదే ఫ్లోరిడా కరోలైనాతో మొదటి మ్యాచ్‌లో నాలుగో ఓవర్‌టైమ్ దాకా ఆడి గెలిచింది. ఆ వేడిలో ఉన్నప్పుడు వాళ్ళను ఆపటం ఎవరి తరమూ కాలేదు. ఈ రెండు ఉదాహరణలతో విశ్రాంతి చెడ్డదని తేల్చేయకండి. 2023 ఫైనల్ నాటికి ఫ్లోరిడాలో సగం మంది గాయాలతో ఉన్నారని కూడా గుర్తుంచుకోవాలి.

గోలీ పరిగెత్తడుగా, అతనికి అలసట ఏమిటి?

గోలీ అలసట తలలో ఉంటుంది. 60 నిమిషాలూ పక్ ఎక్కడుందో కళ్ళతో వెంబడించాలి. మోకాళ్ళ మీద కూలి, లేచి, మళ్ళీ కూలి, తొడలు, నడుము పట్టేస్తాయి. అప్పటి మన గోలీ స్టువర్ట్ స్కిన్నర్ 2025లో మొదటి రెండు మ్యాచ్‌లు ఓడి బెంచ్ మీదకు వెళ్ళాడు. కాల్విన్ పికార్డ్ దిగి వరుసగా ఆరు గెలిచి గాయపడ్డాడు. స్కిన్నర్ తిరిగొచ్చి వేగస్ మీద వరుసగా రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ ఇవ్వలేదు. ఫైనల్లో మళ్ళీ మూడు, నాలుగు మ్యాచ్‌ల మధ్యలో అతన్ని తీసేశారు. ఐదోది పికార్డ్, ఆరోది స్కిన్నర్. అవతల 36 ఏళ్ళ సెర్గీ బోబ్రోవ్‌స్కీ 23 మ్యాచ్‌లూ తనే మొదలుపెట్టాడు. తాజాగా ఉన్న ఇద్దరు గోలీల కంటే అలిసిన ఒక్క గోలీ మేలయ్యాడంటే, ముందున్న డిఫెన్స్ ఎంత కాపాడిందో అర్థం చేసుకోవచ్చు.

2025 నాటికి మన జట్టు ముసలిదైపోయిందా?

అప్పుడు మన జట్టులో ఉన్న కోరీ పెర్రీని చూసి అడుగుతున్నారని తెలుసు. 2025 మేలో అతనికి 40 నిండాయి. ఫైనల్ రెండో మ్యాచ్‌లో 18 సెకన్లు కూడా లేవు అనగా స్కోరు సమం చేసింది అతనే. 2020లో డాలస్, 2021లో మాంట్రియల్, 2022లో టాంపా, 2024, 2025లో ఎడ్మంటన్ తరఫున, ఆరేళ్ళలో ఐదు ఫైనల్స్ ఓడినవాడు. అయినా ప్రతిసారీ మళ్ళీ దిగాడు. వయసు వల్ల వేగం తగ్గుతుంది, కాదనను. కానీ పెర్రీ వల్ల ఓడామనటం అన్యాయం.

రెగ్యులర్ సీజన్‌లో స్టార్లకు విశ్రాంతి ఇవ్వచ్చుగా?

ఇవ్వాలి. బాస్కెట్‌బాల్‌లో ఇది మామూలే, హాకీలో ఇంకా నామోషీగా చూస్తారు. 2024-25లో ఫ్లోరిడా లీగ్ పట్టికలో 98 పాయింట్లతో తన డివిజన్‌లో మూడో స్థానంలో నిలిచి కూడా కప్ కొట్టింది. 2019లో టాంపా 62 మ్యాచ్‌లు గెలిచి, మొదటి రౌండ్‌లోనే కొలంబస్ చేతిలో 0-4తో పోయింది. జనవరిలో సంపాదించిన పాయింట్లకు జూన్‌లో విలువ తక్కువ. పైగా కొత్త ఒప్పందం ప్రకారం 2026-27 నుంచి సీజన్ 84 మ్యాచ్‌లు అవుతోంది. ప్రీ సీజన్ మ్యాచ్‌లు తగ్గిస్తున్నారు, అంతవరకు సంతోషం.

"వీళ్ళకు కసి లేదు" అనేవాళ్ళకు మీ జవాబేమిటి?

కోపం నాకు అర్థమవుతుంది. 1990 తర్వాత ఎడ్మంటన్‌కు కప్ రాలేదు, 1993లో మాంట్రియల్ గెలిచాక కెనడాకే రాలేదు. ఇన్నేళ్ళ ఎదురుచూపు మాటను పదునెక్కిస్తుంది. కానీ ఆ మాట తప్పు. కసి లేని జట్టు 0-3 నుంచి ఏడో మ్యాచ్ దాకా రాదు. లాస్ ఏంజెలిస్‌తో మొదటి రెండూ ఓడి వరుసగా నాలుగు గెలవదు. ఆటలో లోపాలుంటే వాటి పేరు పెట్టి చెబుదాం: పక్ బయటికి తేవటం రాలేదు, పెనాల్టీ కిల్ 2024లో నిలబడినట్టు 2025లో నిలబడలేదు, మొదటి పీరియడ్లు పోయాయి. గాయాలతో ఆడినవాళ్ళ మనసును మాత్రం సోఫాలో కూర్చుని తూచవద్దు.

టీవీలో చూస్తూ అలసటను ఎలా గుర్తుపట్టాలి?

పక్ వదిలేసి ఆటగాళ్ళను చూడండి. షిఫ్ట్ ఎన్ని సెకన్లు సాగుతోందో లెక్కపెట్టండి. 60 దాటిందంటే ప్రమాదం మొదలైనట్టే. కర్రను రెండు మోకాళ్ళకు అడ్డం పెట్టుకుని వంగుతున్నవాళ్ళు, వెనక్కి స్కేట్ చేయాల్సిన చోట జారుతూ వస్తున్నవాళ్ళు, ఎదుటివాణ్ణి కాళ్ళతో అందుకోలేక కర్రతో లాగి పెనాల్టీ తెచ్చుకునేవాళ్ళు, వీళ్ళంతా అలిసినవాళ్ళే. అనవసర పెనాల్టీలు పెరుగుతుంటే కాళ్ళు ఆగిపోతున్నాయని అర్థం.

ఇండియా నుంచి చూడాలంటే?

ఫైనల్ మ్యాచ్‌లు సాధారణంగా తూర్పు అమెరికా సమయం రాత్రి 8కి, ఎడ్మంటన్‌లో సాయంత్రం 6కి మొదలవుతాయి. మనకు మర్నాడు తెల్లవారుజామున 5:30. పాత మ్యాచ్ ఒకటి చూసి మొదలుపెట్టాలనుకుంటే 2025 ఫైనల్ నాలుగోది చూడండి. మొదటి పీరియడ్‌లో ఫ్లోరిడా ఫోర్‌చెక్ కింద ఆయిలర్స్ ఎలా నలిగిందో, రెండో పీరియడ్‌లో అదే జట్టు మూడు గోల్స్ ఎలా తిరిగి కొట్టిందో, ఓవర్‌టైమ్‌లో ఎవరి కాళ్ళు ఎంత మిగిలాయో అన్నీ ఆ ఒక్క మ్యాచ్‌లోనే ఉన్నాయి.